విశాఖలో లా చదువుతున్నారా? నెట్‌లో ఏది, ఎక్కడ, ఎలా చదవాలో చెబుతాను

ముందు ఒక పని చెయ్యండి. ఫోన్ తీసి, లా కోసమని దాచుకున్న పీడీఎఫ్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నేను లెక్కపెట్టిన రోజు నూటికి పైనే తేలాయి. అందులో తెరిచి చూసినవి ఏడో ఎనిమిదో.

ఉద్యోగం చేసుకుంటూ మూడేళ్ళ లా చదివినవాణ్ణి. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో నిలబడి చదివిందే నా చదువు. మొదటి ఏడాది ఒక సెమినార్‌లో ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం 66ఏ సెక్షన్ గురించి పది నిమిషాలు ధాటిగా మాట్లాడాను. ఫేస్‌బుక్‌లో ఎవరినైనా తిడితే మూడేళ్ళ జైలని లెక్చర్ ఇచ్చాను. మేడం ఆఖర్లో ఒక్కటే అడిగారు: "బాబూ, ఆ సెక్షన్ ఇంకా ఉందా?" 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసిందని నాకు తెలీదు. నా దగ్గరున్నది ఎవరో వాట్సాప్ గ్రూపులో పడేసిన పాత పీడీఎఫ్. తప్పు పీడీఎఫ్‌ది కాదు, అది ఏ ఏటిదో చూసుకోకపోవడం నాది.

అందుకే ఈ వ్యాసంలో పీడీఎఫ్ లింకులు ఉండవు. అసలు చట్టం ఎక్కడుంటుంది, అసలు తీర్పు ఎక్కడుంటుంది, అక్కడికి నేరుగా ఎలా వెళ్ళాలి అన్నదే చెబుతాను. దాదాపు అన్నీ ఉచితం.

1. చట్టం చదవాలంటే ఇండియా కోడ్

కేంద్ర ప్రభుత్వం నడిపే ఇండియా కోడ్ సైట్‌లో కేంద్ర చట్టాలూ, రాష్ట్రాల చట్టాలూ సవరణలతో సహా ఉంటాయి. చట్టం పేరుతో గానీ, సంవత్సరంతో గానీ వెతకొచ్చు. తెరిచాక సెక్షన్ల పట్టిక వస్తుంది. ఒక్కో సెక్షన్ మీద నొక్కితే అదొక్కటే తెరుచుకుంటుంది. బస్సులో చదువుకోవడానికి ఇంతకంటే వీలైనది లేదు.

చదివేటప్పుడు కళ్ళు ఆగాల్సిన చోట్లు మూడు. ఒకటి, అడుగున ఉండే ఫుట్‌నోట్లు. ఏ మాట ఏ సవరణతో వచ్చిందో, ఏది ఎప్పుడు తీసేశారో అక్కడే ఉంటుంది. రెండు, "ప్రొవైడెడ్ దట్" అని మొదలయ్యే ప్రొవైజోలు, అంటే సెక్షన్‌కు పెట్టిన షరతులూ మినహాయింపులూ. పరీక్షలో ప్రాబ్లం ప్రశ్న వచ్చిందంటే సగంసార్లు దాని కీలకం ప్రొవైజోలోనే ఉంటుంది. మూడు, అమల్లోకి వచ్చిన తేదీ.

ఈ మూడోదాన్ని చాలామంది దాటేస్తారు. భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ తీసుకోండి. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే ఏ శిక్షో చెప్పే సెక్షన్ అది. దాని రెండో ఉపసెక్షన్ ప్రకారం బండితో గుద్ది, పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా శిక్ష. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగింది దీనిమీదే. ఆ ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన నోటిఫికేషన్ జూలై 1 నుంచి సంహిత అమల్లోకి వస్తుందని చెబుతూనే, 106(2)ను మాత్రం పక్కన పెట్టింది. పుస్తకంలో అక్షరాలా ఉంటుంది, అమల్లో మాత్రం పెట్టలేదు. ఇలాంటివి బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని ఉత్త చట్టం ప్రతి) ఒక్కటీ చదివితే తెలియవు. ఈ-గెజిట్ సైట్‌లో నోటిఫికేషన్ కూడా చూడాలి. పరీక్ష ముందు రోజు ఇంకోసారి చూడండి, నోటిఫికేషన్లు మారుతుంటాయి.

2. పాత నంబర్లూ కొత్త నంబర్లూ: రెండూ రావాలి

2024 జూలై 1తో ఐపీసీ (నేరాలు, శిక్షలు), సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసు నడిపే పద్ధతి), ఎవిడెన్స్ యాక్ట్ పోయి న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయి. 511 సెక్షన్ల ఐపీసీ స్థానంలో 358 సెక్షన్ల న్యాయ సంహిత, 484 సెక్షన్ల సీఆర్‌పీసీ స్థానంలో 531 సెక్షన్ల సురక్షా సంహిత. సాక్ష్య అధినియంలో 170.

"అయితే పాతవి వదిలేద్దాం" అనకండి. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఐపీసీనే వర్తిస్తుంది. ఆ కేసులు కోర్టుల్లో ఇంకా ఏళ్ళ తరబడి నడుస్తాయి. పైగా మీరు చదివే తీర్పుల్లో ఎక్కువ భాగం పాత నంబర్లతోనే ఉంటాయి.

జాతీయ నేర రికార్డుల బ్యూరో సంకలన్ అనే ఉచిత యాప్ తెచ్చింది. పాత సెక్షన్ కొడితే కొత్తది చూపిస్తుంది. అది వేసుకోండి. కానీ తరచూ తగిలేవి కొన్ని నోటికి వచ్చేయాలి. హత్య 302 నుంచి 103కి వెళ్ళింది. భార్యపై భర్త, అత్తింటివాళ్ళ క్రూరత్వానికి పెట్టే 498ఏ ఇప్పుడు 85. ఎఫ్ఐఆర్ 154 కాస్తా సురక్షా సంహితలో 173 అయింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యం 65బీ ఇప్పుడు 63. వీధిలో ఇంకా "వాడొక ఫోర్‌ట్వంటీ" అనే తిడతారు గానీ, మోసం చేసి ఆస్తి కాజేసే ఆ నేరం ఇప్పుడు 318(4).

అన్నిటికంటే తిప్పలు పెట్టేది 482. సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టు స్వతస్సిద్ధ అధికారాలు, వకీళ్ళ భాషలో క్వాష్ పిటిషన్, అంటే కేసునే కొట్టేయమని అడగడం. సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిల్, అంటే పాత 438. క్వాష్ 528కి వెళ్ళింది. అదే నంబరు, పూర్తిగా వేరే పని. ఒక తీర్పులో 482 కనిపిస్తే ముందు అది ఏ చట్టంలోదో చూసి ఆపైన ముందుకెళ్ళండి.

3. తీర్పు వెతకడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తిరగలి తిప్పినట్టు తిప్పినా తీర్పు దొరక్క నోట్సుల మీద పడేవాళ్ళే ఎక్కువ.

రెండు చోట్లు చాలు. సుప్రీంకోర్టు తీర్పులకు ఈ-ఎస్‌సీఆర్. సుప్రీంకోర్టు సొంత రిపోర్టులను 2023 జనవరి 2న అందరికీ ఉచితంగా తెరిచారు. మొదలుపెట్టేటప్పటికే సుమారు 34 వేల తీర్పులు అందులో ఉన్నాయి. అధికారిక ప్రతి కాబట్టి మూట్ కోర్టు (విద్యార్థుల నమూనా కోర్టు) కోసం రాసే మెమోరియల్‌లో, అంటే వాదన పత్రంలో, ధైర్యంగా చూపించొచ్చు. రెండోది ఇండియన్ కానూన్. 2008 నుంచి నడుస్తోంది. సుప్రీంకోర్టు, హైకోర్టులు, ట్రిబ్యునళ్ళు అన్నీ ఒకే పెట్టెలో వెతకొచ్చు.

ఇండియన్ కానూన్‌లో వెతకడానికి చిన్న కిటుకు ఉంది. మాటలు ఊరికే కొడితే వేలల్లో వస్తాయి. రెండు మాటలూ ఉండాలంటే మధ్యలో ఇంగ్లిషు 'యాండ్' రాసి చివర ఇంకో డి తగిలించాలి. ఏదో ఒకటి ఉంటే చాలంటే 'ఆర్' రాసి ఇంకో ఆర్, వద్దనుకున్న మాటకు ముందు 'నాట్' రాసి ఇంకో టి. పక్కపక్కనే ఉండాల్సిన మాటలను కోట్లలో పెట్టండి. ఈ నాలుగూ వస్తే సీనియర్ దగ్గర మంచి పేరొస్తుంది.

ఇక స్పెల్లింగ్ గొడవ. మన ఊరి పేరుతోనే చెబుతాను. పని చేసే చోట లైంగిక వేధింపుల గురించి "విశాఖ కేసు" అని చదువుతారు కదా, అది మన ఊళ్ళో జరిగిందనుకునేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు. నేనూ అనుకున్నాను, కొంచెం గర్వపడ్డాను కూడా. అది రాజస్థాన్ కేసు. విశాఖ అన్నది వ్యాజ్యం వేసిన సంస్థ పేరు. 1997 ఆగస్టు 13న ఇచ్చిన ఆ తీర్పులోని మార్గదర్శకాలే 2013లో చట్టం వచ్చేదాకా నడిచాయి. ఇంగ్లిషులో దాని పేరులో ఎస్ తర్వాత హెచ్ ఉంటుంది, కె తర్వాత ఉండదు. మనం ఊరి పేరు రాసే అలవాటులో రాస్తే సరిగ్గా తిరగబడుతుంది. అప్పుడొచ్చే ఫలితాలు ఉక్కు ఫ్యాక్టరీ, పోర్టు ట్రస్టు, రైల్వే కేసులు.

నిజంగా మన వైపు కేసు కావాలంటే దానికి నెల రోజుల ముందు, 1997 జూలై 11న వచ్చిన సమత తీర్పు చదవండి. అనంతగిరి మండలం, బొర్రా గుహల చుట్టుపక్కల గిరిజన ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ చేసిన పోరాటం. అప్పట్లో విశాఖ జిల్లా, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతర "వ్యక్తి"కి ఇవ్వకూడదన్న 1959 నాటి రెగ్యులేషన్‌లో, ఆ "వ్యక్తి" అన్న మాట ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందా అన్నది ప్రశ్న. వర్తిస్తుందని ఇద్దరు జడ్జీలు, కాదని ఒకరు. ఒక్క మాటకు అర్థం చెప్పడంలో రాష్ట్ర ప్రభుత్వం చేతులు ఎలా కట్టుబడ్డాయో చూస్తే, చట్టాల వ్యాఖ్యానం పేపర్ ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. అరకు రైలెక్కి బొర్రా స్టేషన్ దాటినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది గుహలు కాదు, ఆ "వ్యక్తి" అన్న మాటే.

పాత కేసులకు ఇంకో చిక్కు. మద్రాసు హైకోర్టు కాలం నాటి తీర్పుల్లో మన ఊరు "విజగపటం". ఆ స్పెల్లింగ్‌తో కొడితే జమీందారీ, ఎస్టేటు తగాదాలు బయటపడతాయి. 1954 నుంచి గుంటూరులో ఆంధ్ర హైకోర్టు, 1956 నవంబరు నుంచి హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 2019 జనవరి 1 నుంచి అమరావతిలో మన హైకోర్టు. ఏ సంవత్సరం తీర్పు కావాలో తెలిస్తే ఏ కోర్టు పేరు కింద వెతకాలో తెలుస్తుంది. 2012 నాటి తీర్పును అమరావతి పేరు కింద వెతికి, లేదని వదిలేసినవాళ్ళను చూశాను.

ఇంగ్లండు పాత కేసులకు బెయిలీ అనే ఉచిత సైట్ ఉంది. రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్, డోనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ రెండూ అక్కడ దొరుకుతాయి. డోనహ్యూ కేసులో పానీయం సీసాలో తేలిన నత్త కథ నోట్సులో మూడు లైన్లుంటుంది, తీర్పులో ఆ సీసా రంగుతో సహా ఉంటుంది.

4. దొరికిన తీర్పును చదవడం

మొదటి పేజీ నుంచి వరుసగా చదవకండి, నిద్రొస్తుంది. ముందు ఆఖరి పేజీకి వెళ్ళి చివరికి ఏమైందో చూడండి: అప్పీలు అనుమతించారా, కొట్టేశారా. తర్వాత కోర్టు తన ముందున్న ప్రశ్నలను ఎక్కడ రాసుకుందో పట్టుకోండి. ఆ తర్వాత ఒక్కో ప్రశ్నకు జవాబిచ్చిన పేరాలు. మొదట్లో ఉండే హెడ్‌నోట్ జడ్జి రాసింది కాదు, రిపోర్టు తయారుచేసినవాళ్ళు రాసిన సారాంశం. దారి చూపించడానికి పనికొస్తుంది, దాన్నుంచి కోట్ చెయ్యకూడదు.

నోట్‌బుక్‌లో కేసుకు ఒక్క పేజీ. సంగతులు మూడు వాక్యాల్లో, ప్రశ్న ఒకటి, జవాబు, పేరా నంబరు, బెంచిలో ఎంతమంది, ఎవరైనా విభేదించారా. పేరా నంబరు రాసుకోకపోతే మూట్ ముందు రాత్రి మళ్ళీ తీర్పంతా తిరగేయాలి.

చివరగా, ఆ తీర్పు ఇంకా బతికే ఉందా? ఇండియన్ కానూన్‌లో తీర్పుతో పాటు దాన్ని తర్వాత ఏయే కేసుల్లో ప్రస్తావించారో జాబితా ఉంటుంది. కొత్త వాటిని, అందులోనూ పెద్ద బెంచిల వాటిని తెరిచి చూడండి. ఈ ఒక్క అలవాటు నాకు ముందే ఉంటే ఆ రోజు మేడం ముందు తల దించుకునే పని ఉండేది కాదు.

5. ఇంగ్లిషు భయం ఉన్నవాళ్ళకు

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి లాలో చేరినవాళ్ళు మనలో చాలామంది. సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. సుప్రీంకోర్టు తన తీర్పుల్లో కొన్నిటిని సువాస్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో తెలుగులోకీ అనువదించి పెడుతోంది. ఈ-ఎస్‌సీఆర్‌లో భాష ఎంచుకుంటే కనిపిస్తాయి. కేంద్ర శాసన శాఖ సైట్‌లో రాజ్యాంగం తెలుగు ప్రతి ఉంది. ఒకటి గుర్తుంచుకోండి: తేడా వస్తే తీర్పుల్లో ఇంగ్లిషు ప్రతిదే మాట. అనువాదం అర్థం చేసుకోవడానికే, కోర్టులో చదవడానికి కాదు.

నేను చేసింది ఏమిటంటే, తెలుగు ప్రతి ఒకసారి చదివి కథ పట్టుకుని, ఆ వెంటనే అదే భాగం ఇంగ్లిషులో చదివేవాణ్ణి. అలా పదిహేను తీర్పులయ్యేసరికి తెలుగు ప్రతి అవసరం పడటం తగ్గింది. దాంతో పాటు ఒక చిన్న పుస్తకంలో మాటలు రాసుకున్నాను: వాది, ప్రతివాది, ముద్దాయి, ఫిర్యాది, దావా, జప్తు, వకాల్తా, పంచనామా, వాయిదా. తెలుగు వచ్చు కదా అని వీటిని చిన్నచూపు చూడకండి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షలో అనువాదం అడుగుతారు. రేపు క్లయింటు వచ్చి "మా మీద ఇంజంక్షన్ దావా పడింది సార్" అంటే మీరు మాట్లాడాల్సింది కూడా ఈ భాషే.

6. పాఠాలు వినాలంటే

స్వయం సైట్‌లో జాతీయ లా యూనివర్సిటీల, ఐఐటీల అధ్యాపకులు చెప్పిన లా కోర్సులున్నాయి. వినడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం ఫీజు. ఈ-పీజీ పాఠశాలలో లా పాఠాలు అధ్యాయాల వారీగా రాతలో దొరుకుతాయి. వీడియో కంటే నాకు అదే నచ్చింది, డేటా కూడా తక్కువ తింటుంది. కొత్త బిల్లుల మీద సూటిగా రాసే సంస్థ పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్.

యూట్యూబ్‌లో సెక్షన్‌కు ట్యూన్ కట్టి గుర్తుపెట్టించే చానళ్ళ గురించి నా అభిప్రాయం అడగొద్దు. అక్కడ నిజంగా చూడదగ్గవి సుప్రీంకోర్టు విచారణలే. రాజ్యాంగ ధర్మాసనాల వాదనలను 2022 సెప్టెంబరు 27 నుంచి ప్రత్యక్షంగా చూపిస్తున్నారు. రోజంతా చూడక్కర్లేదు. ఒక గంట చూసి, జడ్జి అడ్డుపడి ప్రశ్న వేసినప్పుడు వకీలు ఏం చేస్తాడో గమనించండి.

రాజ్యాంగం పేపర్‌కు రాజ్యాంగ సభ చర్చలు ఆన్‌లైన్‌లో చదవొచ్చు, తేదీల వారీగా ఉంటాయి. ప్రాథమిక హక్కుల కోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళే హక్కునిచ్చే 32వ అధికరణాన్ని రాజ్యాంగానికి గుండె, ఆత్మ అని అంబేడ్కర్ అన్నది 1948 డిసెంబరు 9 నాటి చర్చలో. కానీ అప్పటి ముసాయిదాలో దాని నంబరు 25. నంబరు తెలియకుండా వెతికితే దొరకదు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే బీఏ చదివిన దుర్గాబాయి ఆ సభలో మాట్లాడిన మాటలూ అక్కడే ఉన్నాయి.

7. డబ్బు కట్టాల్సిన డేటాబేసులు

ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర. సొంతంగా కొనకండి. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ అయినా, ఏయూ అంబేడ్కర్ లా కాలేజీ అయినా, మరే కాలేజీ అయినా, మీ లైబ్రేరియన్ దగ్గరకెళ్ళి ఏవి ఉన్నాయో, క్యాంపస్ బయట నుంచి లాగిన్ ఇస్తారో లేదో అడగండి. క్యాంపస్‌లోనే పనిచేస్తే వారానికి ఒక మధ్యాహ్నం దానికి కేటాయించుకుని, వెతకాల్సినవన్నీ ముందే రాసుకుని వెళ్ళండి. ఇంట్లో కుదురులేనివాళ్ళకు ద్వారకానగర్ పౌర గ్రంథాలయం ఉండనే ఉంది. పరిశోధన వ్యాసం రాయాలంటే శోధ్‌గంగలో పీహెచ్‌డీ గ్రంథాలు ఉచితంగా చదవొచ్చు.

8. ఏఐని అడిగేవాళ్ళకు

అడగొద్దనను. కష్టమైన పేరాను తేలిక భాషలో చెప్పమంటే చెబుతుంది. కేసు పేరు మాత్రం దాని నోట విని రాయకండి. న్యూయార్క్‌లో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో ఇద్దరు వకీళ్ళు చాట్‌జీపీటీ ఇచ్చిన కేసులను కోర్టుకు చూపించారు. అలాంటి కేసులే లేవని తేలింది. 2023 జూన్‌లో జడ్జి 5 వేల డాలర్ల జరిమానా వేశారు. ఏఐ కేసు పేరు చెప్పగానే ఇండియన్ కానూన్‌లోనో ఈ-ఎస్‌సీఆర్‌లోనో తెరిచి, ఆ పేరాలో నిజంగా ఆ మాటే ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. దొరకలేదంటే లేనట్టే లెక్క.

9. మన కోర్టును ఫోన్‌లో పెట్టుకోవడం

ఈ-కోర్ట్స్ యాప్ వేసుకోండి. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. అది కొడితే ఎప్పుడు దాఖలైంది, ఎన్ని వాయిదాలు పడ్డాయి, ఏ వాయిదాకు ఏం జరిగింది, ఇచ్చిన ఉత్తర్వులు అన్నీ వస్తాయి. కాజ్ లిస్టు (ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా) చూసి విశాఖ జిల్లా కోర్టులో ఒక సివిల్ దావా ఎంచుకోండి. మీకు సెలవున్న రోజున విద్యార్థిగా వెళ్ళి వెనక బెంచీలో కూర్చోండి. తర్వాత ఆ కేసును సెమిస్టరంతా యాప్‌లో వెంబడించండి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో రాత వాంగ్మూలం, ఇష్యూలు, ట్రయల్ అన్న వరుస పుస్తకంలో చదివితే ఒక్క ముక్క ఎక్కలేదు నాకు. ఒక గోడ తగాదా కేసు ఐదు వాయిదాలు చూశాక ఎక్కింది.

ఈ వారం చేసి చూడండి

టార్ట్స్ (నష్టపరిహారం కోరదగ్గ సివిల్ తప్పులు) పేపర్ ఉన్నవాళ్ళకు మన ఊరి కేసే ఇస్తాను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. మరుసటి రోజే జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానుగా కేసు తీసుకుని, కంపెనీని 50 కోట్ల రూపాయలు జమ చెయ్యమంది.

ముందు బెయిలీలో 1868 నాటి రైలాండ్స్ తీర్పు చదవండి: స్ట్రిక్ట్ లయబిలిటీ, అంటే నిర్లక్ష్యం లేకపోయినా నష్టానికి బాధ్యత. దైవకృతం, నష్టపోయినవాడి సొంత తప్పు లాంటి మినహాయింపులతో తప్పించుకునే దారి అందులో ఉంది. తర్వాత ఈ-ఎస్‌సీఆర్‌లో 1986 డిసెంబరు 20 నాటి ఎం.సి. మెహతా తీర్పు. ఢిల్లీ శ్రీరామ్ ఫ్యాక్టరీ ఓలియం గ్యాస్ కేసు. ప్రమాదకర పరిశ్రమలకు ఆ మినహాయింపులేవీ వర్తించవని ఐదుగురు జడ్జీలు చెప్పారు: అబ్సల్యూట్ లయబిలిటీ. తర్వాత ఇండియా కోడ్‌లో హరిత ట్రిబ్యునల్ చట్టం 17(3), తప్పు రుజువు కాకపోయినా బాధ్యత ఉంటుందనే సూత్రం. ఇక ఆఖర్న ట్రిబ్యునల్ ఇచ్చిన 2020 మే 8 ఉత్తర్వు తెరవండి. అందులో వాడిన మాట "స్ట్రిక్ట్". మెహతా తీర్పు వచ్చిన ముప్పయ్ మూడేళ్ళ తర్వాత ఆ మాట ఎందుకు వచ్చింది? దాని పక్కనే జూన్ 1 నాటి ఉత్తర్వు పెట్టుకుని, అందులో ఏ మాట ఉందో చూసి, ఒక పేజీ రాసి మీ టార్ట్స్ మాస్టారికి చూపించండి.